మారిషస్: చూడదగ్గ చోట్లు, నడకదారులు, వీధి రుచులు

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున, ఆఫ్రికా తీరానికి సుమారు 2,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీప దేశం మారిషస్. ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి 65 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు 45 కిలోమీటర్లు ఉంటుంది. జనాభా పన్నెండున్నర లక్షలకు అటూ ఇటూ. రాజధాని పోర్ట్ లూయీ. జనం మాట్లాడుకునేది క్రియోల్. పత్రికల్లో ఫ్రెంచి, సర్కారీ కాగితాల్లో ఇంగ్లీషు కనిపిస్తాయి.

సెలవులకు వచ్చేవారిలో చాలామంది తెల్లని ఇసుకలో, నీలి నీళ్లలో రోజులు గడిపి వెళ్లిపోతారు. ఒడ్డు అందమైనదే. కానీ ఈ దీవి మనకు అర్థమయ్యేది ఒడ్డు వదిలి లోపలికి నడిచినప్పుడు, వీధి బండి దగ్గర నిలబడి తిన్నప్పుడు. కొండదారుల్లోనూ తిండిలోనూ కనిపించేది ఒకే చరిత్ర. చెరకు తోటల కోసం ఓడల్లో దించిన మనుషులు ఈ నేలను ఎలా తమది చేసుకున్నారన్నదే ఆ చరిత్ర.

నేల, రుతువులు, పూర్వకథ

ఇది అగ్నిపర్వతాలు పుట్టించిన దీవి. వయసు సుమారు 80 లక్షల ఏళ్లు. రీయూనియన్, రోడ్రిగ్స్ దీవులతో కలిపి దీన్ని మస్కరీన్ దీవుల్లో లెక్కిస్తారు. తీరం చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బ గోడ కట్టినట్టు ఉంటుంది. సముద్రపు అలలు ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి కాబట్టి, లోపలి నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. ఈత రానివాళ్లు, పిల్లలు కూడా నడుం లోతు నీళ్లలో నిశ్చింతగా నిలబడగలిగేది అందుకే. దీవి మధ్యలో ఎత్తైన పీఠభూమి ఉంది. ఆగ్నేయం నుంచి వీచే వాణిజ్య పవనాలు దాన్ని తాకి వాన కురిపిస్తాయి. పడమటి తీరంలో మాడు పగిలే ఎండ కాస్తున్న వేళకే పీఠభూమి మీది క్యూర్‌పిప్ పట్టణంలో గొడుగు పట్టుకు తిరగాల్సి రావచ్చు.

దక్షిణార్ధగోళం కాబట్టి రుతువులు మనకు తిరగబడి ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వేసవి, తుపాన్ల కాలం కూడా అదే. తుపాను హెచ్చరికలను ఒకటి నుంచి నాలుగు దాకా అంచెలుగా ప్రకటిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు చల్లగా, పొడిగా ఉంటుంది. కొండలెక్కే ఉద్దేశం ఉంటే ఆ నెలలే మేలు.

డచ్చివారు 1598లో ఇక్కడ దిగి, తమ యువరాజు మారిస్ పేరు పెట్టేనాటికి దీవిలో స్థిరపడిన జనం లేరు. వాళ్లు 1638లో స్థావరం వేసుకున్నారు. జావా నుంచి చెరకునూ జింకలనూ తెచ్చి, 1710లో దీవిని వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివారు వచ్చి ఈల్ ద ఫ్రాన్స్ అని పేరు మార్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీని రేవు పట్టణంగా తీర్చాడు. 1810లో దీవి బ్రిటిషువారి చేతికి వెళ్లింది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. 1992లో అదే తేదీన గణతంత్రమైంది.

పోర్ట్ లూయీలో కాలినడక

ఒక రోజంతా నడిచి చూడదగ్గ ఊరు పోర్ట్ లూయీ. మొదలు పెట్టాల్సింది రేవు పక్కనున్న ఆప్రవాసీ ఘాట్ నుంచే. 1835 ఫిబ్రవరి 1న ఈ దీవిలో బానిసత్వం రద్దయింది. అప్పటికే తోటల యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూడటం మొదలుపెట్టారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ ఒప్పంద కూలీలతో వచ్చింది. అప్పటి నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది ఈ దీవికి వచ్చారు. వాళ్లను దించుకోవడానికి 1849లో నెలకొల్పిన వలసల డిపోయే ఈ ఘాట్. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చూడబోతే ఇక్కడ ఉన్నవి కొద్దిపాటి రాతి కట్టడాలే. కాపలాదారు గది, ఆసుపత్రి భాగం, స్నానాల గదులు, నీటి అంచు నుంచి పైకి వచ్చే 16 రాతి మెట్లు. ఓడ దిగినవాళ్లు ఎక్కిన మెట్లివే. ఒక్కొక్క మెట్టూ కొంచెం అరిగి, అంచులు నున్నబడి ఉంటాయి. డిపోలో వచ్చినవారికి ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఒంటి మీద మచ్చలు రాసుకునేవారు. కొంతకాలానికి ఫొటోలు కూడా తీశారు. ఆ దస్తరాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ముత్తాత దిగిన ఓడ పేరు, బయల్దేరిన ఊరి పేరు వెతుక్కుంటూ మారిషస్ కుటుంబాలు నేటికీ అక్కడికి వెళ్తాయి. నవంబరు 2, ఫిబ్రవరి 1 ఈ దేశంలో సెలవుదినాలు. ఘాట్ చూడకుండా మారిషస్‌లో మిగతా ఏది చూసినా సగమే అర్థమవుతుంది. గంటసేపు ఇక్కడ ఆగడం తప్పనిసరి అని చెప్పాలి.

రోడ్డు దాటితే సెంట్రల్ మార్కెట్. కింద కూరగాయల రాశులు, ఆకుకూరల కట్టలు. ఒకపక్క ఎండు వేళ్లూ బెరళ్లూ అమ్మే మూలికల వ్యాపారులు ఉంటారు. ఏ నొప్పికి ఏ కషాయమో వాళ్లను అడిగి కొనుక్కునే అలవాటు ఊరివాళ్లకు ఇంకా ఉంది. మార్కెట్ నుంచి నాలుగడుగులు వేస్తే 1850లలో కట్టిన జుమ్మా మసీదు, ఆ పక్కనే చైనా బజారు వస్తాయి. మసీదు ముందు పొగలు కక్కే హలీం, చైనా బజారులో ఆవిరి కుడుములు. రెండు వీధుల తేడాలో నోటి రుచి మారిపోతుంది.

నేచురల్ హిస్టరీ మ్యూజియం చిన్నది. దానిలో ఒక్క వస్తువు కోసమే వెళ్లినా ప్రయాణం సార్థకమే. అది డోడో అస్థిపంజరం. ఎగరలేని ఈ పెద్ద పక్షి ప్రపంచంలో మారిషస్‌లో తప్ప ఎక్కడా లేదు. మనుషులు, వాళ్లతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు కలిసి 17వ శతాబ్దం ముగిసేలోపే దాన్ని తుడిచిపెట్టేశాయి. ప్రపంచంలోని మ్యూజియంలలో కనిపించే చాలా డోడో అస్థిపంజరాలు వేర్వేరు పక్షుల ఎముకలను ఏరి కూర్చినవి. ఇక్కడిది ఒకే పక్షిది. క్షురకవృత్తి చేసుకుంటూ తీరిక వేళల్లో గుహలూ లోయలూ గాలించిన ఎతియెన్ తిరియూ అనే ఆయన 1900 ప్రాంతాల్లో దాన్ని సేకరించాడు.

రేవు వైపు కోదాన్ వాటర్‌ఫ్రంట్‌లో ఉన్న బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి రెండు తపాలా బిళ్లలున్నాయి. ఒకటి నారింజ ఎరుపు, ఒకటి నీలం. రంగు వెలిసిపోతుందని గంటకు కొద్ది నిమిషాలే అసలు బిళ్లల మీద దీపం వేస్తారు. మిగతా సమయంలో నకళ్లు చూపిస్తారు. వేళ కనుక్కుని వెళ్లాలి. ఓపిక ఉంటే ఊరి నడుమ గుట్ట మీద నల్లరాతితో కట్టిన సిటడెల్ కోట ఎక్కవచ్చు. అక్కడి నుంచి రేవు ఒకవైపు, 1812 నుంచి గుర్రప్పందేలు జరుగుతున్న షా ద మార్స్ మైదానం ఇంకోవైపు కనిపిస్తాయి.

ఉత్తర, తూర్పు తీరాలు

గ్రాండ్ బే, త్రూ ఓ బిష్, బెల్ మార్ వంటి తీరాల గురించి పర్యాటక పుస్తకాలన్నీ రాస్తాయి కాబట్టి ఇక్కడ విస్తరించనక్కర్లేదు. తూర్పున త్రూ దో దూస్ ఊరి నుంచి పడవలో వెళ్లే ఈల్ ఓ సేర్ దీవికి రద్దీ ఎక్కువ. ఉత్తరపు కొసన కాప్ మలెరో దగ్గర ఎర్ర కప్పు చర్చి, దాని వెనక సముద్రంలో ఏటవాలుగా లేచిన క్వాన్ ద మీర్ దీవి కలిసి కనిపించే దృశ్యానికి మాత్రం ఓ అరగంట ఇవ్వవచ్చు.

ఉత్తరాన అసలు ఆగవలసింది పాంప్లెమూస్ ఉద్యానవనం దగ్గర. దాని అధికారిక నామం సర్ శివసాగర్ రామ్‌గులాం బొటానిక్ గార్డెన్. ఓడలకు కూరగాయలు అందించడానికి లా బూర్దొనే వేయించిన తోటను 1767 తర్వాత పియెర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచి అధికారి వృక్షశాస్త్ర వనంగా మార్చాడు. లవంగాల మీద, జాజికాయల మీద డచ్చివారికి ఉన్న గుత్తాధిపత్యాన్ని దెబ్బతీయాలని ఆయన మొలుక్కా దీవులకు దొంగచాటుగా మనుషులను పంపి, 1770లో ఆ మొక్కలు ఇక్కడికి తెప్పించాడు. తోటలో అందరూ మూగేది అమెజాన్ కలువల కొలను చుట్టూ. అంచులు పైకి మడిచిన పళ్లేల్లాంటి ఆకులు నీటి నిండా పరుచుకుని ఉంటాయి. పువ్వు మొదటిరోజు తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబి రంగు తిరుగుతుంది.

తెలుగువారు ఇంకొంచెం ముందుకు నడిచి శ్రీతాళ వృక్షాల వరుస చూడాలి. మన తాళపత్ర గ్రంథాలకు ఆకులిచ్చిన జాతుల్లో ఇదొకటి. ఈ చెట్టు దశాబ్దాల తరబడి పెరిగి, జీవితంలో ఒకేసారి పూస్తుంది. తల మీద మీటర్ల ఎత్తున లక్షల పూలు పూసి, కాయలు రాలాక చెట్టు చచ్చిపోతుంది. తోటకు దగ్గర్లో బో ప్లాన్ దగ్గర మూతబడిన చక్కెర మిల్లును మ్యూజియంగా మార్చారు. గానుగలు, బాయిలర్లు ఉన్నచోటనే ఉంచి, వాటి నడుమ బానిసల, కూలీల చరిత్ర చెప్పడం దీని ప్రత్యేకత. చివర్లో లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా రకరకాల చక్కెరలు చెంచాతో రుచి చూపిస్తారు.

నడకదారులు

మారిషస్ కొండలు ఎత్తులో పెద్దవి కావు. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన నల్లనది శిఖరం కూడా 828 మీటర్లే. కానీ సముద్రం చేరువలోంచి నిట్టనిలువుగా లేచినవి కావడంతో ఎత్తుకు మించిన గాంభీర్యం కనిపిస్తుంది. సగం రోజులో ఎక్కి దిగదగ్గవే చాలా ఉన్నాయి.

కొత్తవాళ్లకు మొదట చెప్పదగ్గది ల పూస్. ఎత్తు 812 మీటర్లు. బొటనవేలు పైకెత్తినట్టున్న ఈ శిఖరం పోర్ట్ లూయీ వెనక నిలబడి ఉంటుంది. బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టి వస్తూ 1836లో ఇక్కడ ఆగిన చార్ల్స్ డార్విన్ ఎక్కిన కొండ ఇదే. సెయింట్ పియెర్ వైపు నుంచి దారి చెరకు తోటల మధ్య మొదలై, తుప్పల గుండా పైకి సాగుతుంది. వాన పడితే ఎర్రమట్టి జారుతుంది. చివరి కొన్ని మీటర్లు చేతులు కూడా ఆనించి ఎక్కాలి. పైన ఒకవైపు రాజధాని, రేవు, ఓడలు కనిపిస్తాయి. ఇంకోవైపు పీఠభూమి మీద పచ్చగా చెరకు కనిపిస్తుంది. పక్కనే తల మీద బండరాయి మోస్తున్నట్టున్న పీటర్ బోత్ శిఖరం. అది తాళ్లతో ఎక్కే అలవాటున్నవాళ్లకు మాత్రమే.

నైరుతిలో బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానం ఉంది. 1994లో ప్రకటించారు, విస్తీర్ణం 6,500 హెక్టార్లకు పైమాట. దీవిలో ఒకప్పుడు అంతటా ఉన్న అడవిలో మంచి స్థితిలో మిగిలింది రెండు శాతం లోపే. అందులో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది. పీఠభూమి మీది పెత్రాన్ నుంచి బయల్దేరి, మకాబే అడవి గుండా నడిచి, లోయలోకి దిగే దారి పది కిలోమీటర్ల పైచిలుకు. దిగుడు ఎక్కువ కాబట్టి మోకాళ్లకు పరీక్షే. కానీ దీవిలో ఒక్క నడకకే సమయం ఉంటే ఎంచుకోవలసింది ఇదే. నల్లమాను చెట్లు, నాచు పట్టిన కొమ్మలు, వాటి మీద ఆర్కిడ్లు. అకస్మాత్తుగా చెట్లు పలచబడి లోయ అడుగు దాకా కనిపిస్తుంది. తెల్లని తోక ఈకలు ఊగించుకుంటూ సముద్రపు పక్షులు ఆ లోయలోకి వస్తాయి.

ఈ అడవిలో చూడదగ్గవి పక్షులు. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974లో నాలుగే నాలుగు మిగిలాయి. డీడీటీ వంటి మందులు, పిల్లులు, ఎలుకలు, అడవుల నరికివేత దాన్ని ఆ గతికి తెచ్చాయి. కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఆయనతో పనిచేసిన బృందాలు గూళ్లలోంచి గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో వదిలాయి. గులాబి పావురం, ఎకో చిలుక కూడా అలాగే మృత్యుముఖం నుంచి తిరిగి వచ్చాయి. డోడో పోయిన దీవిలో ఇది జరగడం గొప్ప సంగతి. దారిలో చిలుక కూత వినిపిస్తే కాసేపు కదలకుండా నిలబడటం మంచిది.

ఇదే అడవిలో ఎర్రటి గోలీల్లాంటి చైనా జామపళ్లు కాస్తాయి. కాలం వచ్చిందంటే కుటుంబాలు కుటుంబాలు సంచులు పట్టుకుని వెళ్లి కోసుకుంటాయి. ఉప్పూ కారం అద్దుకుని తింటారు. మారిషస్ బాల్యాల్లో ఈ పండుకు ఉన్న చోటు చిన్నది కాదు. అయితే స్థానిక చెట్ల మొలకలను ఎదగనివ్వకుండా అడవిని కమ్మేస్తున్న బ్రెజిల్ మొక్క కూడా ఇదే. అటవీ సిబ్బంది ఏటా దీన్ని పీకుతూనే ఉంటారు.

నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ల మోర్న్ బ్రబాన్ ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఈ కొండ గుహల్లో, పైభాగంలో తలదాచుకున్నారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి, తమను పట్టుకోవడానికే వచ్చారనుకుని కొందరు పై నుంచి దూకేశారని ఇక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటారు. దారి సగం దాకా వెడల్పుగా, చెట్ల నీడలో సాగుతుంది. ఆ తర్వాత రాయి మీద నాలుగు కాళ్ల పాకుడే. ఇనుప శిలువ ఉన్న చోటు దాకా వెళ్లనిస్తారు. ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేలా తెల్లవారుజామున బయల్దేరాలి. తెలిసిన మార్గదర్శిని తీసుకెళ్లడం ఉత్తమం. మారిషస్ జాతీయ పుష్పమైన త్రోషెతియా బుతోనియానా సహజంగా పెరిగేది ఈ ఒక్క కొండ మీదే. కొండకు ఆవల సముద్రంలో జలపాతం ఉన్నట్టు ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో కనిపించేది ఇసుక, ఒండ్రు లోతుల్లోకి జారడం వల్ల కలిగే భ్రమ.

దక్షిణాన సూయాక్ దగ్గర గ్రి గ్రి తీరంలో పగడపు దిబ్బ లేదు. సముద్రం నేరుగా వచ్చి నల్లటి కొండచరియలను బాదుతుంది. అక్కడ నీళ్లలో దిగకూడదు. గట్టు మీది నుంచి ఏడ్చే రాయి అని పిలిచే బండ దాకా నడక చిన్నదే అయినా, ప్రశాంతమైన తీరాలు చూసి చూసి వచ్చినవారికి ఈ హోరు కొత్తగా ఉంటుంది.

షమరెల్, గంగా తలావ్

షమరెల్‌లో ఏడు రంగుల నేల చాలా ప్రసిద్ధం. అగ్నిశిల శిథిలమై మట్టిగా మారినప్పుడు మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో మిట్టపల్లాలుగా పరుచుకున్నాయి. చోటు చిన్నది. ఉదయపు ఏటవాలు ఎండలో రంగులు తేలతాయి, మధ్యాహ్నం వెలవెలబోతాయి. దగ్గర్లోని జలపాతం అంతకన్నా బాగుంటుంది.

షమరెల్ నుంచి అడవి దారిలో తూర్పుకు వస్తే గంగా తలావ్ అనే సరస్సు. పాత అగ్నిపర్వత బిలంలో నిలిచిన నీళ్లివి. 1898లో త్రియోలే ఊరి నుంచి ఒక పూజారి వెంట కొద్దిమంది నడిచి వచ్చి శివుణ్ణి కొలిచారు. 1972లో గంగాజలం తెచ్చి ఈ నీళ్లలో కలిపారు. ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది. మహాశివరాత్రి ముందు దేశం నలుమూలల నుంచి లక్షల మంది కావళ్లు మోసుకుంటూ కాలినడకన వస్తారు. దారి పొడవునా పందిళ్లు వేసి, హిందువులూ ఇతరులూ నీళ్లూ పళ్లూ పలహారాలూ అందిస్తారు. ఆ రోజుల్లో దీవిలో ఉన్నవారు కాసింత దూరమైనా ఆ జనంతో నడవాలి. తిరుగుదారిలో బ్వా షెరి తేయాకు తోటల్లో ఆగితే వనిల్లా వాసన వేసే టీ ఇస్తారు.

మహేబూర్, ఆగ్నేయ తీరం

విమానాశ్రయానికి చేరువలో ఉన్న మహేబూర్ పాతబడిన, తొందర లేని ఊరు. సోమవారం సంత బాగా జరుగుతుంది. ఈ అఖాతంలోనే 1810 ఆగస్టులో ఫ్రెంచి నౌకలు బ్రిటిషు నౌకలను ఓడించాయి. పారిస్‌లోని విజయతోరణం మీద చెక్కిన పేర్లలో ఈ యుద్ధం పేరూ ఉంది. ఊరి చివర 1870 నుంచి ఒక కుటుంబం కర్రపెండలం బిస్కెట్లు చేస్తోంది. దుంపలు కడిగి, తురిమి, పిండి ఆరబెట్టి జల్లించి, చతురస్రాకారపు అచ్చుల్లో పోసి, ఎండు చెరకాకు మంట మీద వేడెక్కిన పలకలపై కాలుస్తారు. పని చేసే ఆడవాళ్ల పక్కనే నిలబడి చూడనిస్తారు. వేడి బిస్కెట్టు, వెన్న, టీ ఇస్తారు.

తీరానికి కాస్త దూరంలో ఉన్న ఈల్ ఓ జెగ్రెత్ 26 హెక్టార్ల పగడపు దీవి. పరాయి మొక్కలు తీసేసి, ఎలుకలను లేకుండా చేసి, పాత తీరపు అడవిని మళ్లీ నాటారు. మారిషస్ తాబేళ్లు అంతరించిపోయాయి కాబట్టి వాటి పని చేయడానికి ఆల్డాబ్రా నుంచి వచ్చిన పెద్ద తాబేళ్లను వదిలారు. అవి పళ్లు తిని విత్తనాలను చల్లుతాయి. 2020 జూలైలో వకాషియో అనే సరుకు ఓడ ఇక్కడికి దగ్గర్లో దిబ్బ ఎక్కి ఆగిపోయింది. సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలో కలిసింది. అప్పుడు వేలమంది మారిషస్ జనం ఎవరూ పిలవకుండానే ఒడ్డుకు చేరి, ఎండు చెరకాకును గుడ్డ గొట్టాల్లో కుక్కి కుట్టి, నీళ్ల మీద తేలే అడ్డుకట్టలు కట్టారు.

వీధి తిండి

దేశపు జాతీయ వంటకం ఏది అని అడిగితే అందరూ చెప్పే పేరు డాల్ పురి. ఒప్పంద కూలీలకు కూలితో పాటు బియ్యం, పప్పు, నూనె, ఉప్పు కొలిచి ఇచ్చేవారు. ఆ పప్పు నుంచి వచ్చిన తిండి ఇది. పప్పును పసుపు వేసి పలుకు మీద ఉడికించి, నీళ్లు వార్చి, తడి లేకుండా పొడిపొడిగా రుబ్బుతారు. వార్చిన ఆ నీళ్లు పారబోయరు, వాటితోనే మైదా తడుపుతారు. పిండి ముద్దలో పప్పు పొడి కూరి, పల్చగా వత్తి, నూనె రాసిన పెనం మీద కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకుంటే రూపం కళ్లకు కడుతుంది. కానీ అంతకన్నా పల్చన, వెడల్పు ఎక్కువ. ఎర్రగా కాలకూడదు, చుడితే చిట్లకూడదు. నేర్పంతా పప్పు పొడి ఎంత ఆరిందన్న దానిలోనే ఉంది.

బండివాడు గాజు పెట్టెలోంచి రెండు తీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, తెల్ల బీన్స్ కూర ఓ గరిటె, టమాటా రుగాయ్ ఓ గరిటె, కొత్తిమీర పచ్చడి వేసి, కారం కావాలా అని అడిగి, పల్చటి కాగితంలో చుట్టి ఇస్తాడు. జతగానే అమ్ముతారు, ఒక్కటి అడిగేవాళ్లు లేరు. ఆఫీసుకు పోయేవాళ్లు, బడిపిల్లలు, పోలీసులు ఒకే వరుసలో నిలబడతారు. రోజ్ హిల్ పట్టణంలోని డాల్ పురి దుకాణాలకు దూరాల నుంచి కూడా వస్తారు. పప్పు కూరని పొరల రొట్టె ఫరాటా. కొందరికి అదే ఇష్టం.

గాతో పిమా అంటే పచ్చిమిరప, ఉల్లికాడ, కొత్తిమీర వేసిన పప్పు వడ. పొద్దున్నే వేడివేడిగా నాలుగు తీసుకుని, ఫ్రెంచి రొట్టెను చీల్చి వెన్న రాసి, లోపల పెట్టి నొక్కి తింటారు. భారతదేశపు పప్పు, ఫ్రాన్సు రొట్టె, క్రియోల్ పేరు. దీవి చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పే పలహారం ఇంకోటి లేదు. చేమదుంప తురిమి అల్లం వేసి వేయించే గాతో అరూయ్, చిలగడదుంప పిండిలో కొబ్బరీ చక్కెరా పెట్టి వేయించే కజ్జికాయల్లాంటివి కూడా అదే బండి మీద దొరుకుతాయి.

చైనీయులు, ముఖ్యంగా హక్కా కుటుంబాలు, తెచ్చిన వంటలను ఇప్పుడు అందరూ తమవే అనుకుంటారు. బులెట్ అంటే ఆవిరి మీద ఉడికించిన ఉండలు. చేపతో, రొయ్యలతో, బెంగళూరు వంకాయతో చేస్తారు. పల్చటి చారులో వేసి ఇస్తారు. వేయించిన నూడుల్స్ మీద వెల్లుల్లి నీళ్లు, మిరప ముద్ద వేసుకుంటారు. బోల్ రాన్వెర్సే అనే తమాషా వంట కూడా వీళ్లదే. గిన్నె అడుగున గుడ్డు, దాని మీద కోడి మాంసం, కూరగాయల వేపుడు, పైన అన్నం నింపి పళ్లెంలో బోర్లిస్తే గుడ్డు పైకి వస్తుంది.

ఇంటి వంటలో రుగాయ్ ప్రధానం. టమాటా, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, థైమ్ ఆకు కలిపి మగ్గించి, అందులో ఎండు చేపో సాసేజో వేస్తారు. చేపను వేయించి, నూరిన ఆవాలు, పసుపు, వెల్లుల్లి, వెనిగర్‌లో నానబెట్టే విందాయ్ మర్నాటికి రుచెక్కుతుంది. ఆక్టోపస్ కూర, జింక మాంసం కూర, తాటి జాతి చెట్టు మొవ్వుతో చేసే సలాడ్ భోజనశాలల్లో దొరుకుతాయి. ఆ మొవ్వు కోసం ఏళ్ల తరబడి పెరిగిన చెట్టును నరకాలి, అందుకే ధర ఎక్కువ. ఆకుకూరలతో పల్చటి చారు ప్రతి ఇంట్లోనూ కాస్తారు. అందులో అందరికీ ఇష్టమైనది మునగాకు చారు. బిర్యానీని పెద్ద రాగి డేగిశాలో బంగాళాదుంపలతో కలిపి దమ్ చేస్తారు.

తాగడానికి అలూదా. చల్లటి పాలల్లో సబ్జా గింజలు, అగర్ తురుము, సువాసన వేసి, పైన కావాలంటే ఐస్‌క్రీం పెడతారు. సెంట్రల్ మార్కెట్‌లో నిలబడి తాగడమే దాని పద్ధతి. ఒడ్డున అమ్మే విక్టోరియా అనాస చిన్నది, చాలా తీపి. కళ్లు పోయేలా మెలికగా చెక్కి, తొడిమ పట్టుకుని తినేలా ఇస్తారు. పైన చింతపండు, ఉప్పు, కారం.

తెలుగువారి జాడలు

ఇక్కడికి వచ్చిన కూలీల్లో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవారు చాలామంది. మాతృభాష ఇప్పుడు క్రియోల్ అయినా, వారి వారసులు గుళ్లు, బళ్లు, భజనలు కాపాడుకుంటూ వచ్చారు. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఒక ఐచ్ఛిక భాష. ఉగాది జాతీయ సెలవుదినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనలు ఇప్పటికీ జరుగుతాయి. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఇక్కడే జరిగాయి. పండుగలకూ పెళ్లిళ్లకూ అరిటాకులో ఏడు కూరలు వడ్డించే ఆచారం తెలుగు, తమిళ ఇళ్లలో ఉంది. గుమ్మడి, పనస, అరటికాయ, వంకాయ, బీన్స్ వంటివి, వాటితో చారు, పచ్చడి, అన్నం. పిలుపు వస్తే వదులుకోకూడని భోజనం.

రాకపోకలు

భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. దీవి చిన్నది కాబట్టి ఒకే చోట బస పెట్టుకుని అన్నీ తిరగవచ్చు. బస్సులు చవక, కానీ సాయంత్రం పెందలాడే ఆగిపోతాయి. 2019లో ప్రారంభమైన మెట్రో రైలు పోర్ట్ లూయీ నుంచి రోజ్ హిల్ మీదుగా క్యూర్‌పిప్ దాకా వెళ్తుంది.

రోడ్రిగ్స్

ఎక్కువ రోజులు ఉండగలిగితే విమానంలో గంటన్నర ప్రయాణించి రోడ్రిగ్స్ చేరాలి. ప్రధాన ద్వీపానికి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో, 108 చదరపు కిలోమీటర్ల దీవి ఇది. 2002 నుంచి స్వయంప్రతిపత్తి ఉంది. చెరకు తోటలు లేవు. కొండవాలు మీద మొక్కజొన్న, ఎర్ర బీన్స్, పశువులు ఉంటాయి. తూర్పు తీరం వెంట సెయింట్ ఫ్రాన్స్వా నుంచి గ్రావియె దాకా సాగే కాలిబాట పక్కన రోడ్డే లేదు. నడిచి వెళ్తేనే త్రూ దార్జాన్ అనే రాళ్ల నడుమ దాగిన చిన్న ఇసుక తీరం దొరుకుతుంది. పోర్ట్ మతురాన్ శనివారం సంతలో నిమ్మకాయ పచ్చడి, మిరప ముద్ద, తేనె సీసాలు వరుసగా పెట్టి అమ్ముతారు. ఆటు వేళల్లో ఆడవాళ్లు రబ్బరు బూట్లు వేసుకుని, ఇనుప బరిసె పట్టుకుని పగడపు దిబ్బల మీద నడుస్తూ ఆక్టోపస్‌లు పట్టి, ఒడ్డున కర్రల మీద ఆరబెడతారు. పట్టుబడి తగ్గిపోవడంతో 2012 నుంచి ఏటా కొన్ని వారాలు వేట ఆపేస్తున్నారు. తెరిచిన రోజున వాళ్లంతా వేకువనే ఒడ్డుకు చేరి, అనుమతి వేళ కోసం వేచి ఉంటారు.